తెలిసి అన్నానా, తెలియక అన్నానా

గుడివాడ,
తేది: 19-6-2003.

వికలాంగుల గుర్తింపు శిబిరం ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,
మకాం: గుడివాడ.

అర్జీదారు: వి. గోవర్ధనరావు, తండ్రి పేరు కీ.శే. పున్నయ్య, వయస్సు 47, స్వగ్రామం పామిడిముక్కల, ప్రస్తుత నివాసం గుడివాడ.

అయ్యా,

విషయం: వయస్సు మీరిన అర్జీదారుకు ఆటిజం ఉన్నదీ లేనిదీ పరీక్షించి, రాతపూర్వకంగా తెలియజేయుట గురించి.

సూచిక: 17వ తేదీన తమ శిబిరంలో నన్ను పరీక్షించకుండా తిప్పిపంపిన సంగతి.

నేను గుడివాడలో చాలాకాలంగా టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్నాను. పిల్లలంతా కంప్యూటర్ల మీదికి వెళ్ళిపోవడం వల్ల నేర్చుకునేవాళ్ళు తగ్గారు. ఇప్పుడు ఎక్కువగా నలుగురికీ అర్జీలు టైపు చేసిపెడుతున్నాను. నాకు అర్జీ అంటే ఇష్టం. ఎవరు ఎవరికి రాస్తున్నారో పైనే ఉంటుంది. ఏం కావాలో విషయం దగ్గర ఉంటుంది. చివర ఏమనాలో ముందే తెలుసు. మనుషులు కూడా ఈ పద్ధతిలోనే మాట్లాడుకునేట్లయితే ఈ అర్జీ పెట్టుకోవలసిన అవసరం నాకు వచ్చేది కాదు. మాట్లాడుకోరు. అందువల్ల ఈ దిగువ సంగతులు తమ దృష్టికి తెస్తున్నాను.

1. చిన్నప్పటినుంచీ మా ఊళ్ళో నన్ను పొగరుబోతు అన్నారు. పిలిస్తే పలకనట, ఎదుటివాళ్ళ మొహం చూసి మాట్లాడనట. మా అమ్మ మాత్రం "మావాడు ముక్కుసూటి మనిషండీ" అని సర్దిచెప్పేది. అసలు సంగతి ఏమిటంటే, ఎదుటి మనిషి కళ్ళల్లోకి చూస్తే నాకు మాట వినబడదు. మాట వినాలంటే చూపు పక్కకు తిప్పుకోవాలి. రెండింట్లో ఒకటే కుదురుతుంది. మిగతావాళ్ళకు రెండూ ఒకేసారి కుదురుతాయని నాకు మీసాలు వచ్చేదాకా తెలియదు.

2. నా పెళ్ళి దివిసీమలో, కోడూరులో జరిగింది. పురోహితుడు గట్టిమేళం అనగానే డోలూ సన్నాయీ ఒక్కసారిగా మీద పడ్డాయి. నేను రెండు చేతులతో చెవులు మూసుకున్నాను. తాళిబొట్టు పళ్ళెంలోనే ఉండిపోయింది. మా అక్క వచ్చి నా చేతులు లాగి తాళి కట్టించింది. పెళ్ళివారు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తల వంచుకుని కూర్చున్న పెళ్ళికూతురు మాత్రం కిసుక్కున నవ్వింది. అది ఎగతాళి నవ్వు కాదు. నవ్వుల్లో తేడాలు నాకు తెలియవు గానీ ఆ ఒక్క నవ్వు తెలిసింది. ఆవిడ పేరు రాజకుమారి.

కాపురానికి వచ్చిన కొత్తలో కుక్కరు కూత వేస్తే నేను చొక్కా కూడా వేసుకోకుండా వీధిలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఆవిడ దాన్ని అటక ఎక్కించేసింది. అప్పటినుంచీ అన్నం గిన్నెలోనే వార్చింది. ఎందుకని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. మొన్న అటక మీద ఏదో వెతుకుతుంటే ఆ కుక్కరు కనబడింది. అప్పుడు అర్థమైంది. అర్థమయ్యేసరికి ఆవిడ ఇంట్లో లేదు.

3. ఎవరింటికైనా వెళ్ళి లేచేటప్పుడు నేను "వెళ్తున్నానండీ" అనేవాణ్ణి. వెళ్తున్నాను కాబట్టి అలా అనేవాణ్ణి. అది అపశకునమని రాజకుమారి నాకు ఓపిగ్గా నేర్పింది. "వెళ్ళొస్తానండీ అనాలి. మళ్ళీ వచ్చే పని లేకపోయినా అనాలి. అది మర్యాద" అంది. మరచిపోతే చేతి మీద గిల్లేది. కొన్నాళ్ళకు గిల్లకుండానే అలవాటైంది. ఇలాంటి మర్యాదలు ఆవిడ నాకు చాలా నేర్పింది. వడ్డించేవాళ్ళు "ఇంకొంచెం వెయ్యమంటారా" అంటే వెంటనే "వెయ్యండి" అనకూడదని కూడా ఆవిడే చెప్పింది.

4. ఈ సంవత్సరం ఫిబ్రవరిలో మా మామగారు కోడూరులో కాలం చేశారు. మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌లో పరీక్షలు ఉన్నందువల్ల దహనం అయ్యాక సాయంత్రమే బయలుదేరాను. రాజకుమారి లోపల ఆడవాళ్ళ మధ్య ఉంది. అయినా నా అంతట నేనే గుర్తుపెట్టుకుని, మా అత్తగారు వీరమ్మ గారి ముందు నిలబడి, అందరికీ వినబడేలా "వెళ్ళొస్తానండీ" అన్నాను. మరచిపోనందుకు మనసులో సంతోషించాను కూడా.

చావింటి నుంచి వెళ్ళేటప్పుడు వస్తాననకూడదట. చెప్పకుండా లేచి వెళ్ళిపోవాలట. వస్తానంటే ఇంకో చావుకు వస్తానని అర్థమట. ఈ సంగతి అప్పటికి నాకెవరూ చెప్పలేదు. మిగతా అందరికీ ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో, ఆ చెప్పిన రోజున నేనెక్కడ ఉన్నానో తెలియదు.

5. నెల తిరక్కముందే నా బావమరిది శ్రీకృష్ణ, రాజకుమారికి ఒక్కడే తమ్ముడు, రొయ్యల చెరువు దగ్గర మోటారు వేయబోయి కరెంటు కొట్టి చనిపోయాడు. కబురు తెలిసి మొదటి బస్సుకు వెళ్ళాను. మా అత్తగారు నన్ను చూసి, "అన్నమాట నిలబెట్టుకున్నావు బాబూ. వస్తానన్నావు, వచ్చావు" అన్నారు.

నేను "అవునండీ" అన్నాను.

అయ్యా, ఆవిడ నన్ను మెచ్చుకుంటున్నారనుకున్నాను. మాట నిలబెట్టుకోవడం మంచిదని చిన్నప్పటినుంచీ విన్నాను.

6. అదే రోజు రాజకుమారి పెరట్లోకి వచ్చి, "ఏవండీ, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. నాన్న పోయిన రోజు ఆ మాట తెలిసి అన్నారా, తెలియక అన్నారా?" అంది. నిజం చెప్పమంది కాబట్టి ఆలోచించి చెప్పాను. అది నిద్రలో అన్నది కాదు. నోరుజారి అన్నదీ కాదు. గుర్తుపెట్టుకుని మరీ అన్నాను. అందువల్ల "తెలిసే అన్నాను" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ అడిగింది వేరే సంగతి అని తిరుగు బస్సు అవనిగడ్డ దాటాక నాకు తట్టింది. బస్సు ఆపించి దిగి, దొరికిన బండి పట్టుకుని వెనక్కి వెళ్ళాను. తలుపు తీయలేదు. తలుపు అవతల ఆవిడే ఉందని గాజుల చప్పుడును బట్టి తెలిసింది. "నేను చెప్పింది తప్పు ప్రశ్నకు సమాధానం" అని తలుపుకు చెప్పాను. అప్పటినుంచీ ఆవిడ కోడూరులోనే ఉంది.

7. గత నెల ఎలీసబెతు గారనే ఆవిడ తన కొడుకు కోసం అర్జీ టైపు చేయించుకోవడానికి వచ్చారు. ఆవిడ చెబుతుంటే నేను కొడుతున్నాను. "పేరు పెట్టి పిలిస్తే పలకడండీ. మొహంలోకి చూడడండీ. కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకుంటాడండీ. వేళాకోళానికి ఏదన్నా అంటే నిజమనుకుంటాడండీ" అన్నారు. నా చేతులు ఆగిపోయాయి. నాకు కోపం వచ్చింది. "నా గురించి ఇవన్నీ మీకెవరు చెప్పారమ్మా?" అని అడిగాను.

"మీ గురించి కాదండీ, మా అబ్బాయి గురించండీ" అన్నారు.

దాని పేరు ఆటిజమని, పుట్టుకతోనే వస్తుందని, విజయవాడలో ఒక డాక్టరు చెప్పారట. మందేమిటని అడిగాను. "మందు లేదంటండీ. పేరు మాత్రం తెలిసింది. పేరు తెలిశాక వాణ్ణి కొట్టడం మానేశానండీ" అన్నారు. ఆవిడ వెళ్ళిపోయాక నేను తలుపు గొళ్ళెం పెట్టుకుని కూర్చున్నాను. నాక్కూడా పేరు కావాలనిపించింది. నలభై ఏడేళ్ళ మనిషి అలా అనుకోవడం నవ్వులాటగా ఉండవచ్చు. నాకు నవ్వు రాలేదు.

8. ఆ పేరు కోసమే తమ శిబిరానికి వచ్చాను. బల్ల దగ్గరున్న గుమాస్తా గారు, "చూపు, నడక, చెవుడు, బుద్ధిమాంద్యం. ఈ నాలుగు గళ్ళలో మీది ఏది?" అన్నారు. ఏదీ కాదన్నాను. ఐదో గడి గీయండి, స్కేలు నా దగ్గరుంది అన్నాను. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట మీలాంటివాడే" అన్నారాయన. అది సామెత అని నాకు తెలుసు. తెలిసినా, రోకలి చుట్టడానికి వీలుకాదని ఆయనకు చెప్పకుండా ఉండలేకపోయాను. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు.

లోపల డాక్టరు గారు మర్యాదగానే మాట్లాడారు. "చదువుకున్నారు, పెళ్ళయింది, సొంతంగా ఇన్‌స్టిట్యూట్ నడుపుకుంటున్నారు. మీకేముందండీ? అది చిన్నపిల్లల్లో చూసేది" అన్నారు.

"ఆ చిన్నపిల్లలు పెద్దయ్యాక ఏమవుతారండీ?" అని అడిగాను.

నేను ఎదురుమాట అనలేదు. తెలుసుకుందామనే అడిగాను. ఆయన కలానికి మూత పెట్టి, "నిజం చెప్పాలంటే మీ వయసువాళ్ళను ఎలా పరీక్షించాలో నాకు తెలియదండీ" అని, తరవాతి మనిషిని పిలిచారు. తెలియదని చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం ఉంది. అయితే తెలిసినవాళ్ళు ఎక్కడున్నారో చెప్పలేదు.

9. నా భార్య తరఫు పెద్ద, ఆవిడకు చిన్నాన్న వరసైన శోభనాద్రి గారు నిన్న ఫోను చేశారు. "కావాలని అన్నావా, నీలో ఏదన్నా తేడా ఉండి అన్నావా? తేడా ఉంటే డాక్టరు చేత కాయితం రాయించి పట్రా. ఆదివారం కూర్చుంటాం. కాయితం లేకపోతే అమ్మాయి ఇక ఇక్కడే ఉంటుంది, నువ్వు ఈ గుమ్మం తొక్కొద్దు" అన్నారు. రాజకుమారి ఏమందని అడిగాను. "అది ఏమీ అనటం లేదు. అన్నం కూడా సరిగ్గా తినటం లేదు" అని పెట్టేశారు.

శిబిరం శనివారంతో ఆఖరు. పైన రాసినవన్నీ విచారించి, ఈ క్రింది విధంగా ఉత్తర్వులు ఇప్పించ ప్రార్థన.

(అ) నాకు పింఛను వద్దు, బస్సు పాసు వద్దు. ఏ రాయితీ కోరనని స్టాంపు కాగితం మీద రాసిస్తాను.

(ఆ) నన్ను ఎవరి చేతనైనా పరీక్ష చేయించండి. ఎన్ని గంటలైనా కూర్చుంటాను, ఏమడిగినా చెబుతాను. దయచేసి సూటిగా అడగమనండి.

(ఇ) ఇది ఆటిజం కాదని తేలితే, కాదనే రాసివ్వండి. అప్పుడు నేను పొగరుబోతునని, ఏడుస్తున్న ఇంటి గుమ్మంలో నిలబడి శాపం పెట్టినవాణ్ణని అర్థం. అది నిజమైతే నాకు కూడా తెలియాలి. ఎందుకంటే నేను రాత్రీ పగలూ లోపలంతా వెతుక్కున్నాను, ఆ శాపం నాకు కనబడటం లేదు. శ్రీకృష్ణ అంటే నాకిష్టం. నా టైపు మిషన్లకు నూనె వేసి బాగుచేసిపెట్టేవాడు. నేను జవాబు చెప్పకపోయినా పక్కన కూర్చుని కబుర్లు చెప్పేవాడు. అలాంటివాణ్ణి పోవాలని నేనెందుకు అనుకుంటానండీ? అయ్యా, మీకు చెల్లెళ్ళూ బావమరుదులూ ఉంటారు కదా, మీరే చెప్పండి.

ఈ వాక్యాలు అర్జీలో ఉండదగినవి కావు. కొట్టేయకుండా ఉంచుతున్నాను.

ఈ మనవిని చిత్తగించవలెను. ఇన్నాళ్ళూ ఈ మాటను ఎందరి అర్జీల చివరో వేళ్ళ అలవాటు కొద్దీ కొట్టాను. ఇవాళ నిఘంటువు తీసి చూస్తే, మనసులో పెట్టుకోవడమని ఉంది. నేను అడుగుతున్నది అదే.

తమరు ఏం చెబితే అది అక్షరాలా చేసే విధేయుడు,
వి. గోవర్ధనరావు

ప్రతి: శ్రీమతి రాజకుమారి గారికి, కోడూరు, సమాచారం నిమిత్తం.

తా.క. ఇది నా భార్యకు. అధికారి గారు కూడా చదవవచ్చు, అభ్యంతరం లేదు.

రాజీ, ఆదివారానికి ఈ కాయితం వస్తుందో రాదో నాకు తెలియదు. రాకపోయినా నేను వస్తాను. గుమ్మం తొక్కొద్దన్నారు కాబట్టి రోడ్డు మీద నిలబడతాను.

శ్రీకృష్ణ పోయినప్పుడు నేను ఏడవలేదని మీవాళ్ళంతా చూశారు. నాలుగో రోజున ఇన్‌స్టిట్యూట్‌లో ఏడ్చాను. వాడు బాగుచేసిన మిషను మీద ఒకమ్మాయి పాఠం కొడుతుంటే వచ్చింది. ఎంతకీ ఆగలేదు. ఆ అమ్మాయి భయపడి పక్క షాపులోంచి మనిషిని పిలుచుకొచ్చింది. అప్పుడు నువ్వు ఉంటే బాగుండేది. అక్కడున్న ఎవరికీ నేను ఏడవడం ఎంత పెద్ద సంగతో తెలియదు. నీకు తెలుసు.

నాకు అన్నం సయించటం లేదు. నువ్వూ తినటం లేదన్నారు. నిన్ను ఇంటికి రమ్మనడం ఎలాగో తెలియక తొమ్మిది నంబర్లు వేసి అధికారి గారికి రాశాను. రాసేది నీకేనని ఇప్పుడు తెలుస్తోంది.

నువ్వు ఇంటికి రావాలి. ఇది మర్యాదకు అంటున్న మాట కాదు.