ముందు పలికిన డబ్బా

నాచారం,
మంగళవారం.

చిరంజీవి హిమజకు మీ బాపు హన్మయ్య దీవించి రాస్తున్నది.

నా అక్షరాలు కోడి గీరినట్లు ఉంటాయి, నీకు కొత్త కాదు. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువు. హాస్టల్లో ఉన్నప్పుడు ఎర్ర పెన్నుతో దిద్ది మళ్లీ నాకే పంపేదానివి, ఇప్పుడు అట్లా పంపకు. ఇక్కడ నేనూ అమ్మా బాగానే ఉన్నాం. పుణెలో నువ్వు వేళకు తింటున్నావని అనుకుంటున్నాం.

నీ ఉత్తరం అందింది. మోకాలు నొప్పి ఉంది, అయినా నడుస్తున్నాను. అమ్మ బీపీ గోళీలు నేను ఎదురుగా కూర్చుంటే వేసుకుంటుంది, లేకపోతే మరిచిపోయానంటుంది. సాయంత్రాలు వీడియో ఎందుకు రావడం లేదని అడిగావు. అది కింద రాస్తాను, తొందరపడకు.

ముందు ఆ కంప్యూటర్ మిషన్ల సంగతి. వాటి మీద నాకు ఇంకా కోపం పోలేదు. మా పరీక్షల సెంటర్ హాలు నిండా మిషన్లు పెట్టారు, ఒక్కదాని కడుపులోనూ ఏమీ లేదు. నువ్వు పుణెలో కూర్చుని వైర్ల గుండా వాటిలో విండోస్ పోస్తావట. నేను ఒక్కోదాన్నీ ఆన్ చేసి, కంపెనీ బొమ్మ కనబడగానే ఎఫ్ పన్నెండు నొక్కాలి. ముందు నొక్కితే వినదు, ఆలస్యమైతే వినదు. ఈ వరుస నొక్కుకుంటూ ఆ వరుసకు పోయేసరికి, మొదటివి నల్లగా అయి, తెల్ల అక్షరాలు నాలుగు రాసి, ఏమీ దొరకలేదని ఊరుకునేవి. బర్రె తన్నితే ఎందుకు తన్నిందో తెలుస్తుంది. వీటి రోగం వీటికే తెలియదు.

మా ఇన్‌ఛార్జి రామ్మోహనరావు సార్ నా వెనకే తిరుగుతూ ఫోన్ స్పీకర్లో పెట్టేవారు.

“హన్మయ్య గారూ, స్క్రీన్ మీద ఏమొస్తుందండీ?” అని నువ్వు.

“నల్లగున్నది మేడం” అని నేను.

“నల్లగా ఉందంటున్నాడమ్మా. నెలాఖరుకి పిల్లలు పరీక్ష రాయాలి. చీకట్లో రాయమంటావా?” అని సార్.

కన్నబిడ్డను మేడం అంటుంటే మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత అదీ ఒక విసుగే అయింది. వాచ్‌మన్ బిడ్డ అంటే నిన్ను తక్కువ చూస్తారని, చెప్పొద్దన్నది నేనే కదా. నువ్వు చెప్పేద్దామనే అన్నావు.

ఆ రోజు నువ్వు ఓపికగా చెప్పావు. “మిషన్ లేవంగనే నా అడ్రస్ ఏంది, నేనెటు పోవాలె అని అడుగుతదండి. మేం జవాబు చెప్పేలోపలనే అక్కడ ఇంకెవరో చెప్తున్నరు. అది వాళ్ల మాటే వింటున్నది.”

నాకు వెంటనే అర్థమైంది. నేను ఊరి నుంచి మొదటిసారి ఉప్పల్ రింగ్ రోడ్డులో దిగి నాచారం ఎటని అడిగితే, తెలిసినవాళ్లు నోరు తెరిచేలోపలే ఒక ఆటో అతను “నాకెర్క, ఎక్కు” అన్నాడు. తీసుకుపోయి మేడిపల్లిలో దింపాడు.

“లైట్లు వెలిగే డబ్బా ఇంకేదన్న అక్కడ పెట్టిన్రా హన్మయ్య గారూ?” అని అడిగావు.

“లేదు మేడం” అన్నాను.

బిడ్డా, అది అబద్ధం.

మా గది పై అంతస్తులో గిరిప్రసాద్ అని క్లర్కు కాపురం ఉండేవాడు. సైనిక్‌పురికి ఇల్లు మారుతూ పాత వైఫై డబ్బా నాకిచ్చాడు. “మామయ్యా, మీ గది గోడలో సెంటర్ ఇంటర్నెట్ వైరుంది కదా, దాన్ని ఈ నీలం రంధ్రంలో పెట్టు. మీ అమ్మాయిని రోజూ చూసుకోవచ్చు” అన్నాడు. నీలం రంధ్రం వదులైపోయింది, వైరు నిలవలేదు. పక్కన పసుపువి ఖాళీగా ఉంటే ఒకదాంట్లో గుచ్చాను. పట్టింది. బొమ్మ ఒకరోజు వచ్చేది, ఒకరోజు రాకపోయేది. పాత డబ్బా, అంతేలే అనుకున్నాం. మీ అమ్మ దాన్ని పప్పుడబ్బాల మధ్య పెట్టింది. మిషన్లు మాట వినడం లేదని నువ్వు కళ్లు తుడుచుకున్నది కూడా దాంట్లోంచే చూశాం.

నువ్వు అడిగినప్పుడు సార్ పక్కనే ఉన్నారు. సెంటర్ వైరు సొంతానికి వాడానని పనిలోంచి తీసేస్తారని భయమేసింది. అంత చిన్న డబ్బా ఇంత హాలును చెడగొడుతుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరునాడు సార్ ఎవరితోనో “ఆ పుణె పిల్లకి చేతకావట్లేదండీ, మార్చేయండి” అంటుంటే విన్నాను. కిందికి మన గదికి పోయి డబ్బా వైరు పీకాను. వచ్చి ఎఫ్ పన్నెండు నొక్కితే వరుస మొత్తం నీలంగా వెలిగి, విండోస్ ఎక్కడం మొదలైంది. “నీ చెయ్యి మంచిదయ్యా హన్మయ్యా” అన్నారు సార్. ఆ చేతిని జేబులో పెట్టుకున్నాను.

వీడియో రానిది అందుకే. ఫోన్‌లో నువ్వడిగితే సిగ్నల్ లేదన్నాను. అదీ అబద్ధమే.

ఇప్పుడేమో నువ్వు, “నేనేమీ మార్చకుండానే పని అయింది, కారణం రాసివ్వందే పోచారం సెంటర్ పని నాకివ్వరట, అసలు ఉద్యోగంలో ఉంచుతారో లేదో” అని రాశావు. మీ ఆఫీసు లక్ష్మీకాంత్ సార్ “ఎందుకు బాగైందో తెల్వకుంటె మళ్ల ఎప్పుడు చెడ్తదో ఎట్ల తెలుస్తది” అన్నారట. న్యాయమైన మాట. ఆయన్ను తిట్టుకుందామన్నా వీలు లేకుండా పోయింది.

ఈ పొద్దున డబ్బా తీసుకుపోయి రామ్మోహనరావు సార్ బల్ల మీద పెట్టాను.

“ఏంటిది?”

“అడ్డం జవాబు చెప్పింది ఇదే సార్. నా రూముల పెట్టిన.”

“ఆ రోజు అడిగితే లేదన్నావు కదయ్యా.”

“భయమైంది సార్.”

“మరి ఇప్పుడెందుకు చెప్తున్నావ్?”

“ఆ పుణె పిల్ల నా బిడ్డ సార్.”

సార్ డబ్బాను చూశారు, నన్ను చూశారు. “మరి ఇన్నాళ్లూ మేడం, మేడం అని ఎవర్ని పిలిచావయ్యా?” అన్నారు. పనిలో ఉంచేదీ లేనిదీ పైవాళ్లను అడిగి చెప్తానని, డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశారు.

మీ అమ్మ పొద్దటి నుంచీ సాధిస్తూనే ఉంది. “బిడ్డ పనికి అడ్డం పెట్టి బిడ్డ మొకం సూసినం గదయ్యా” అంటుంది.

నువ్వు ఉన్నదున్నట్లు రాసివ్వు. డబ్బా ఏ గదిలో ఉందో రాయి, నీలం బదులు పసుపు రంధ్రంలో గుచ్చానని రాయి, రోగం అక్కడే ఉండొచ్చు. పెట్టింది ఎవరంటే వాచ్‌మన్ అని ఊరుకోకు, మా బాపు అని రాయి. నా గురించి ఫికర్ వద్దు. ఉప్పల్‌లో గేట్లకు కొదవ లేదు, ఏదో ఒక గేటు దగ్గర కుర్చీ దొరుకుతుంది.

పరీక్ష రోజు పొద్దున నువ్వు మళ్లీ ఫోన్ చేస్తావని సార్ చెప్పారు. నన్ను ఇంకా ఇక్కడ ఉండనిస్తే ఆ ఫోన్ నా చేతికే వస్తుంది. స్పీకర్లో ఉన్నా సరే, హాలంతా విన్నా సరే, గారూ అనకు. బాపూ అని పిలువు. అంతకుముందే, ఈ ఉత్తరం అందిందని రెండు ముక్కలు రాసి పంపు. కోపముంటే అదీ రాయి. ఫోన్‌లో మాట ఒక్కసారే వినబడుతుంది, కాగితం మీదైతే ఎన్నిసార్లైనా చదువుకుంటాను. త్వరగా రాయి బిడ్డా.

ఇట్లు,
మీ బాపు
హన్మయ్య