నీ ‘స’ ఎక్కడ?

బెంగళూరు,
12-8-1968

గుర్రప్పన్నకు తమ్ముడు మొక్కి రాసేది.

ఇక్కడ ఒక బ్యాండులో బేస్ గిటారు నేర్చుకుంటున్నాను. నిన్న మాస్టారు మేజర్ స్కేలు చూపించారు. అది మన శంకరాభరణమే. గిటారులో ఏ మెట్టు మీద ‘స’ పెట్టుకున్నా, అక్కడి నుంచి దూరాలు మారవు: రెండు మెట్లు, రెండు, ఒకటి, మళ్ళీ రెండు, రెండు, రెండు, ఒకటి. చెయ్యి జరుపుకుంటే చాలు.

కెలమంగలం భజనలో నేను హార్మోనియం వాయిస్తుంటే, నా శ్రుతి అందక నువ్వు పాట కిందికి ఎత్తుకున్నావు. అప్పుడు నాకు తెల్లమెట్లు తప్ప తెలియవు. ‘శ్రుతి తప్పినావు, చాలించన్నా!’ అని అందరి ముందూ అరిచాను. ‘నా గొంతు ఈడనే ఎత్తుకుంటాదప్పా’ అన్నావు. అప్పటినుంచి ఎనిమిదేళ్ళుగా నువ్వు పాడలేదు.

నువ్వు తప్పలేదన్నా. నాకే చెయ్యి జరపడం తెలియలేదు.

ఆదివారం వస్తున్నాను. పాటంతా వద్దు. ఆ రోజు ఎత్తుకున్న ‘స’ ఒక్కటి అను. మిగతా మెట్లు నేను వెతుక్కుంటాను.