గున్నకి ముగ్గురు మనుషులు

అడవి క్యాంపు కాపలాదారుకి,

తల్లి లోయలో పడి చనిపోయిన ఏనుగు గున్నకి మీరొక్కరే పాలు పడుతున్నారని తెలిసింది. ఇది తప్పు. ఒకే మనిషికి అలవాటు పడితే, ఆ మనిషి కనబడని రోజున అది తిండి మానేసి చిక్కిపోతుంది. రోజుకొకరు చొప్పున ముగ్గురు పట్టాలి. పట్టిక పంపండి.

ఇట్లు,
ఆఫీసు పెద్ద గుమాస్తా

గుమాస్తాగారికి నమస్కారాలండీ,

ముగ్గుర్ని ఎక్కణ్ణించి తెచ్చేదండీ? వంటమనిషి వానలకి ముందే పారిపోయాడు. ఇక్కడున్నది నేను, గున్న, దోమలు. అయినా ఆర్డరు ఆర్డరే కదా! సోమవారం మామూలుగా పట్టాను. మంగళవారం మీసం తీసేసి పట్టాను. బుధవారం నాడు, ఏనాడో పోయిన మా ఆవిడ శాలువా కప్పుకుని, గొంతు సన్నం చేసుకుని పట్టాను. అది నా మొహమంతా తొండంతో తడిమి, చంకలో వాసన చూసి, సీసా లాక్కుంది. కాపలాదారు, మీసం లేనాయన, శాలువా ఆవిడ అని సీసాల లెక్కతో పట్టిక జతచేశాను.

మీ విధేయుడు,
కాపలాదారు

తా.క. శాలువా రోజున రెండు సీసాలు ఎక్కువ తాగింది. నాకే ఏడుపొచ్చింది.

కాపలాదారుకి,

ఉత్తరం పొడుగ్గా ఉండడంతో పట్టిక ఒక్కటే చూశాను. మీసం లేనాయన ఫర్వాలేదు. శాలువా ఆవిడ భేష్! కనుక ఆమెనే అక్కడ ఉంచి, మిమ్మల్ని పట్నంలో గోదాముకి మారుస్తున్నాం. శనివారం బయలుదేరండి.

పెద్ద గుమాస్తా

తా.క. ఆవిడకి నా అభినందనలు అందజేయండి.

అయ్యా గుమాస్తాగారూ,

కొంప ముంచారండీ! ఆ ఆవిడా నేనే, మీసం లేనాయనా నేనే. నేనొచ్చేస్తే పాలు పట్టేదెవరు, దోమలా? మీకు పుణ్యముంటుంది, ఈ ఒక్క ఉత్తరం పూర్తిగా చదవండి.

కాపలాదారు

తా.క. అభినందనలు అందాయి.

కాపలాదారుకి,

చదివాను. బదిలీ ఆపాను. నా సర్వీసులో ఇలాంటి వేషాలు చూడలేదు. నెలాఖరుకి నిజంగానే రెండో మనిషిని పంపుతున్నాను.

పెద్ద గుమాస్తా

తా.క. ఆయన మీసం జోలికి వెళ్ళకండి.

గుమాస్తాగారికి,

గున్న వెళ్ళిపోయిందండీ. మంగళవారం వాగు దగ్గరికి మంద వచ్చింది. ఓ పెద్ద ఆడ ఏనుగు తొండం చాపింది. ఇది పరిగెత్తుకెళ్ళి దాని పొట్ట కింద దూరింది. వెనక్కి ఒక్కసారైనా తిరిగి చూడలేదు, దొంగ మొహంది!

మూడు రోజులు వాగు ఒడ్డునే కూర్చుని చూశాను. హాయిగా తాగుతోంది, తింటోంది, ఆడుకుంటోంది. మీరు దానికి జరుగుతుందని భయపడిందంతా నాకు జరిగిందండీ. అన్నం సయించడం లేదు. పొద్దున్నే లేచి పాలు కలిపేసి, తర్వాత గుర్తొచ్చి పారబోస్తున్నాను. ఇక్కడింత ఒంటరిగా ఉంటుందని ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

ఆ రెండో మనిషిని మాత్రం ఆపకండి.

ఇట్లు,
కాపలాదారు

తా.క. పని రాకపోయినా ఫర్వాలేదు. బాగా వాగేవాణ్ణి చూసి పంపండి.