తోయో అత్త ఎదురుగా

ఫిబ్రవరి 9

మసాయే అక్కకి,

నీ ఉత్తరం అందింది. సెండాయ్ వచ్చేసి నీ దగ్గరే ఉండమన్నావు. వస్తాననే రాద్దామని కూర్చున్నాను. కానీ ఎందుకు వస్తున్నానో చెప్పకుండా నీ గడప తొక్కలేను.

ఇక్కడ ఎవరింట్లోనూ స్నానాల గది లేదు. ఊరంతటికీ కొండ కింద స్నానశాలలో ఒక్కటే వేడినీటి తొట్టి, ఆడవాళ్ళంతా కలిసే దిగుతాం. మా ఆయన కెన్‌సాకు జైలుకు వెళ్ళిన రోజు నుంచి, నేను అక్కడ అడుగు పెడితే చాలు, ఆడవాళ్ళ మాటలు ఆగిపోతాయి. అందుకే అందరూ భోజనాల దగ్గరుండే వేళ చూసి వెళ్ళొస్తున్నాను. నిన్న నేను నీళ్ళలో ఉండగా తలుపు జరిగిన చప్పుడైంది. చూస్తే తోయో అత్త. మా ట్రక్కు కింద పడి పోయిన ఇసాము మామ భార్య.

లేచి పోదామంటే ఆమె ముందు నుంచే నడవాలి. ఒంటి మీద నూలుపోగు లేదు. ఆమె తాపీగా ఒళ్ళు తోముకుంది, కడుక్కుంది, తొట్టిలోకి దిగి సరిగ్గా నా ఎదురుగా కూర్చుంది.

"మీ ఆయన నీకు ఉత్తరాలు రాస్తున్నాడా?"

"రాస్తున్నారత్తా."

"నాకూ రాస్తాడు, నెలకొకటి. విప్పకుండా పొయ్యిలో పెడతా. మా ఆయన పటం ముందు అగరొత్తి వెలిగించినప్పుడల్లా, వాడి చేతులు పడిపోను అని తిట్టుకుంటా."

అక్కా, ఆ రోజు స్టీరింగు మీద ఉన్నవి ఆయన చేతులు కావు. నావి. ఆయనకు జ్వరంగా ఉందని నేను నడిపాను. మంచులో, మలుపు దగ్గర తొందరపడ్డాను. అప్పుడు నాకు అయిదో నెల. పోలీసులు వచ్చేలోపు ఆయన నన్ను పక్క సీట్లోకి జరిపి, "పురుడు జైల్లో పోసుకుంటావా? నోరు మూసుకో" అన్నారు. మూసుకున్నాను. బిడ్డ నిలవలేదు, అది నీకు తెలుసు. ఆ తర్వాత కూడా నేను నోరు విప్పలేదు. అది నీకు తెలియదు.

ఇంక ఆమె మొహం చూడలేను. శనివారం బండికి వస్తున్నాను.

నీ చెల్లెలు,
రిత్సుకో

ఫిబ్రవరి 13

అక్కా,

నిన్న స్టేషన్లో ఎదురుచూసి విసిగిపోయి ఉంటావు. తిట్టుకోకు.

శుక్రవారం సాయంత్రం పెట్టె సర్దుతుంటే, నేను వెళ్ళిపోయినా ఆమె ఆయన చేతుల్నే తిట్టుకుంటూ ఉంటుందనిపించింది. సర్దడం ఆపి, అందరూ ఉండే వేళకే స్నానానికి వెళ్ళాను. తోయో అత్తతో పాటు మరో నలుగురున్నారు. నన్ను చూడగానే మాటలు ఆపేశారు. బట్టలు విప్పి, వాళ్ళ ముందు తడి నేల మీదే మోకరిల్లాను.

"ఆ రోజు ట్రక్కు నడిపింది ఆయన కాదు, నేను."

తోయో అత్త తొట్టిలోంచి లేచి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టింది.

"రెండేళ్ళు! రెండేళ్ళు ఏ పాపం ఎరగనివాణ్ణి తిట్టించావు కదే నా చేత!"

మళ్ళీ చెయ్యెత్తింది. పక్కింటి కినుయె ఆమె భుజాలు పట్టుకుని, "జారిపడతావత్తా, నేలంతా తడి" అని కూర్చోబెట్టింది. నేను బట్టలు వేసుకుని ఇంటికొచ్చేశాను.

తెల్లారి తలుపు తీస్తే మంచులో ఆమె నిలబడి ఉంది.

"పద, పోలీస్ స్టేషన్‌కి."

"నేను వెళ్తానత్తా. మీరెందుకు?"

"నిన్ను క్షమించి రావటంలేదు. దారిలో మనసు మార్చుకుంటావేమోనని వస్తున్నా."

బస్సులో రెండు గంటలు పక్కపక్కనే కూర్చున్నాం. స్టేషన్లో రాసుకునే అతను ఆమెను చూసి, "మీరు ఈవిడకి ఏమవుతారు?" అన్నాడు.

"ఒకే తొట్టిలో స్నానం చేసేవాళ్ళం" అంది.

నేను చెప్పిందంతా వాళ్ళు రాసుకునేదాకా బెంచీ మీద అలాగే కూర్చుంది. సోమవారం మళ్ళీ రమ్మన్నారు. ఆ తర్వాత నన్ను ఉంచేస్తారేమో తెలియదు. కెన్‌సాకును వదిలితే నేరుగా నీ దగ్గరికే వెళ్ళమని ఆయనకు రాశాను. నాకోసం సర్దిన గది ఆయనకివ్వు. ఏమీ అడక్కుండా ముందు వేడి అన్నం పెట్టు.

రిత్సుకో