మల్టీమీటరుకు కుంకుమార్చన

ఓబిలేష్ మామకు,

ఈ ఉత్తరం వల్ల మీకూ, విద్యుత్ శాస్త్రానికీ కలగబోయే మనస్తాపానికి ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను.

కంబదూరు నుంచి మీరు బస్సులో పంపిన మీ రిపేరు షాపు మల్టీమీటరును మా కాలేజీ ల్యాబులో విప్పాను. బోర్డు మీద కుంకుమ గడ్డకట్టి, కలవకూడని కరెంటు దారులను కలిపేసింది. స్పిరిటుతో తోమి, ఊడిన టంకం మళ్లీ వేశాను. ఇప్పుడు వోల్టులు సరిగ్గానే చూపిస్తోంది.

షాపులో పనిచేసే మెకానిక్ గురించి "హనుమంతరాయుడే చెడగొట్టినాడు, పని మాన్పించినా" అని రాశారు. "నేను ముట్టనే లేదన్నా" అని ఆయన మొత్తుకున్నాడనీ రాశారు; అది నిజమే. ఆయన్ను వెంటనే పిలిపించండి.

ఆయుధపూజ నాడు అత్త "ఇంజనీరువి, నువ్వే చెయ్యప్పా" అంటే పొంగిపోయి, ఆ మీటరు గాలిరంధ్రాల మీద కుంకుమనీళ్లు చల్లింది నేనే.

మీ మేనల్లుడు