ఫోనుకి చోటివ్వని కారు

చిరంజీవి బావమరిదికి,

దీవెనలు ప్రస్తుతానికి సగమే పంపుతున్నాను. మిగతా సగం నువ్వు చేసే సాయాన్ని బట్టి.

చేతిలో ఫోనుండగా ఈయన కాగితం మీద రాయడమేమిటని నవ్వుకుంటున్నావేమో. నవ్వు, నీకేం! మొన్న నీకు మెసేజ్ పెట్టానా, "మీ కంపెనీ కారు కొని కొంప ముంచుకున్నాను, మీ అక్కకి చెప్పకు" అని? దానికి నువ్వు "చెప్తే ఇద్దర్నీ కలిపి ఉతికేస్తుంది, అక్క నోరు మనకి కొత్తా బావా" అని జవాబిచ్చావా? ఆ జవాబుని మీ కంపెనీ కారు, మీ అక్క పక్కసీట్లో ఉండగా, ముద్దుముద్దుగా పైకి చదివింది. ఆ పూట నుంచీ ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడటం లేదు. అందుకే కాగితం. ఇదైతే చదివేవాడు చదివేదాకా నోరు మూసుకుని ఉంటుంది.

అసలు సంగతి వేరే. నేను బతికేది డ్రైవింగ్ స్కూలు మీద. పాత కార్లో ఫోనుకి వైరు పెడితే చాలు, నా ఫోన్లో ఉన్నదంతా కారు తెర మీదకొచ్చేది. లైసెన్సు పరీక్ష పెట్టే దారి మొత్తం నేనే మ్యాపులో గుర్తులు పెట్టుకున్నాను. ఎక్కడ ఆగాలి, ఎక్కడ గేదెలా అడ్డంగా లారీ నిలబడి ఉంటుంది, అన్నీ. ఇప్పుడు ఈ కరెంటు కారు నా మెసేజ్‌లు చదవడానికి నా ఫోనుని వాడుకుంటుంది గానీ, నా మ్యాపు చూపించమంటే మాత్రం "ఈ ఫోనెవరిదో నాకు తెలీదే" అన్నట్టు మొహం పెడుతుంది. దాని మ్యాపు దానిదే, దాని పెత్తనం దానిదే.

నేను ఎడమ అంటాను. అది "కుడికి తిరగండి" అంటుంది. స్టీరింగ్ పట్టుకున్న నా స్టూడెంటు, బ్యాంకు క్యాషియరమ్మ, రోడ్డు మధ్యలో బ్రేకు తొక్కి, "ముందు మీరిద్దరూ ఒక మాట మీదకి రండి సార్" అంటుంది. వెనక హారన్లు!

ఇలాగే సాగితే ఉన్న స్టూడెంట్లు కూడా పోతారు. స్కూలు మూతపడితే నాకు వేరే పని రాదురా. జన్మలో నేర్చుకున్నది పక్కసీట్లో కూర్చుని అరవడమొక్కటే. ఎలాగోలా నా ఫోనుని ఆ తెర ఎక్కించు.

ఇట్లు, నీ మాట నమ్మి కారు కొన్న
నీ బావ

తా.క.: ఒక పాట పెట్టమన్నాను. "అది మా దగ్గర లేదు, ఇది వినండి" అని ఇంకేదో పెట్టింది. నేనడిగిన పాట నా ఫోన్లో ఉంది. ఫోను నా జేబులో ఉంది. సొంత పాట జేబులో పెట్టుకుని ఊళ్లోవాళ్ల పాట వినే ఖర్మ నాకే పట్టింది.

*

బావగారికి నమస్కారాలు. అక్కకి కూడా, కాస్త దూరం నుంచి.

మీ కష్టం నాకర్థమైంది. నేను పనిచేసేది ఆ తెరలు తయారుచేసే విభాగంలోనే కాబట్టి సిగ్గు కూడా వేసింది. మా పై ఆఫీసరు వాదన ఏమిటంటే, తెర మీదకి ఫోను వస్తే బండి నడిపే మనిషి ఫోను కంపెనీవాడి మనిషైపోతాడట. కారు మనది, తెర మనది, గొంతు మనది, లోపల కూర్చున్నవాడు మాత్రం పరాయివాడెందుకవ్వాలి అంటాడు. "ఫోను పెట్టుకోనివ్వండి సార్, పాపం" అని మీటింగులో నేనొక్కణ్నే అన్నాను. మర్నాటికి నా కుర్చీ బాత్రూము పక్కకి వెళ్లింది. ఈ ఉత్తరం అక్కణ్నుంచే రాస్తున్నాను. వాసన మీదాకా రాదనే ధైర్యం.

ఒక ఉపాయం ఉంది. స్టీరింగ్ మీద మైకు బొమ్మ ఉంటుంది. దాన్ని ఒకసారి నొక్కండి, కారు చేసిన తప్పేమిటో, ఏం చెప్పాల్సిందో మీ నోటితో చెప్పండి. అదంతా మా ఆఫీసుకొస్తుంది, కారు కూడా విని నేర్చుకుంటుంది. ఎంత మాట్లాడితే అంత మంచిది. మాట్లాడటం మీకు నేను నేర్పాలా?

మీ బావమరిది

తా.క.: తెర మీద వచ్చిన షరతులన్నీ చదివాకే "ఒప్పుకుంటున్నాను" నొక్కారా అని మావాళ్లడిగారు. మా బావ చాలా శ్రద్ధగల మనిషని చెప్పాను. షరతులు తెర మీదకి రాకముందే నొక్కినట్టు రికార్డులో ఉందట.

*

ఒరేయ్ బావమరిదీ,

దీవెనలు వెనక్కి తీసుకుంటున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. పొద్దున్నే స్టూడెంట్లు రాకముందు కార్లో కూర్చుని, దానికి మొదటి పాఠం నుంచీ చెప్పుకొచ్చాను. అద్దాలు చూడమన్నాను, సిగ్నలు ఇవ్వమన్నాను. మలుపు దగ్గర ఎంత తొక్కాలో, ఎంత వదలాలో, ఇన్నేళ్లుగా నా గొంతు అరిగేలా చెప్పినవన్నీ చెప్పాను. మాట వినకపోతే తిట్టాను కూడా. తిట్టకుండా నాకు పాఠం రాదు.

నేర్చుకుంది! నేను అలవాటు కొద్దీ అన్న మాటలన్నీ నేర్చుకుంది! నిన్న ఇంకో స్టూడెంటు, ఆసుపత్రి నర్సమ్మ, బండి తీయగానే "క్లచ్ మెల్లగా వదలండి" అంది. కరెంటు కారుకి క్లచ్ ఎక్కడేడ్చిందిరా? నర్సమ్మ పాపం కాళ్ల కింద వెతికింది, చెప్పు ఊడదీసి వెతికింది, దొరక్క నావైపు చూసి, "ఈ కారుకి తీసేశారా సార్?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇవాళ ఆవిడ రాలేదు. క్యాషియరమ్మ అయితే నిన్నటి నుంచే లేదు.

నీకు దణ్ణం పెడతాను. పాఠాలొద్దు, పంతుళ్లొద్దు. నా ఫోను తెర మీదకి రానిస్తే చాలు.

నీ బావ

తా.క.: ఉండబట్టలేక ఫోనుని టేపుతో తెరకే అంటించేశాను. "ఎదురుగా వస్తువు అడ్డంగా ఉంది, కదలలేను" అని మొండికేసింది. గ్యారేజీలో ఉండగానే.

*

బావా, మీ కాళ్లు చూపించండి, మొక్కుతాను!

మీ మాటలు మా ఆఫీసుని ఊపేస్తున్నాయి. మైకు నొక్కి ఇంతసేపు మాట్లాడిన మనిషి ఇంతవరకూ ఒక్కడూ లేడట. జనం మహా అయితే "థూ" అని వదిలేస్తారట. మీరు ఫిర్యాదు చేస్తున్నారని ఇక్కడ ఎవరికీ తోచలేదు. పెద్ద గురువెవరో పుణ్యానికి మన కారుకి చదువు చెప్తున్నాడనుకున్నారు. "నీ మొహం, నీకెవడు నేర్పాడే డ్రైవింగు?" అన్నారట మీరొకసారి. దాన్ని ప్రశ్న అనుకుని "మా తెరల విభాగం నేర్పింది, అడిగినందుకు సంతోషం" అని జవాబు కూడా పంపారు. అందిందా?

ఫోను సంగతి ఎత్తుదామనే వెళ్లాను బావా. వెళ్లేసరికి పై ఆఫీసరు నా భుజం తట్టి కుర్చీ కిటికీ పక్కకి వేయించాడు. కిటికీలోంచి చెట్టు కనిపిస్తోంది. ఎలా ఎత్తను? ఇంకొన్నాళ్లు అలాగే మాట్లాడుతూ ఉండండి, మీకు పుణ్యముంటుంది. త్వరలో పెద్ద మార్పొకటి వస్తుందంటున్నారు.

మీ రుణపడిన బావమరిది

తా.క.: కంపెనీ మీకో టోపీ పంపుతోంది. అక్కకి నచ్చకపోతే కారుకి పెట్టండి.

*

నాయనా,

ఇంక తిట్టే ఓపిక కూడా లేదు.

నువ్వు చెప్పిన పెద్ద మార్పు వచ్చింది. పొద్దున కారెక్కగానే "నమస్కారం, అద్దాలు చూసుకున్నారా?" అన్నారెవరో. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. నేనే! నా గొంతే! తెరలోంచి!

ఒక్క నా కార్లోనే అయితే పోనీ అనుకుందును. మీ కంపెనీ కారున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు నేనే నేర్పుతున్నానట, అదీ ఉచితంగా. పక్కన లైసెన్సున్న మనిషి ఒకడు కూర్చుంటే చాలట. మిగిలిన ఒక్క స్టూడెంటు, ఒక టైలరు, ఫోన్ చేసి, "మా బావగారి కార్లో మీరే చెప్తున్నారు సార్, చాలా బాగా చెప్తున్నారు, ఇంక అంత దూరం రావడమెందుకని" అన్నాడు. మెచ్చుకున్నాడో, మానేశాడో తేల్చుకోడానికి నాకు కాసేపు పట్టింది. స్కూలు బోర్డు నేనే దింపాను. మేకులు ఎంతకీ రాలేదు, బోర్డు గోడ పెళ్లతో సహా ఊడింది. నా నోటితో నా నోట్లోనే మట్టి కొట్టుకున్నాను.

అది కూడా కాదు నా ఏడుపు. మీ అక్క నేర్చుకోవడం మొదలెట్టింది. పెళ్లయిన కొత్తలో నేను నేర్పబోతే మొదటి మలుపులోనే కారు దిగి నడిచి ఇంటికెళ్లిన మనిషి! ఇప్పుడు రోజూ చక్కగా తయారై కారెక్కుతోంది. ఎందుకంటే ఆ గొంతు తిట్టదు. "ఏం పర్లేదు. భయపడకు. తొందరేం లేదు, నెమ్మదిగా" అంటుంది. నా గొంతే, కానీ నేను కాదు. ఇలాంటి మాటలు నేను జన్మలో అనలేదు, కావాలంటే మీ అక్కనే అడుగు. నిజం చెప్పు, ఆ మాటలు ఎక్కడ కొన్నారు?

నీ బావ

తా.క.: టోపీ వచ్చింది. నాకు పట్టలేదు.

*

బావా,

కొనలేదు. ప్రతి మాటా మీదే.

మొన్న పెద్ద వర్షం రోజు వంతెన కింద తెర నల్లబడి కారు ఆగిపోయిందట కదా. తెర ఆరిందే గానీ మైకు ఆరలేదు. అప్పుడు మీరన్నవన్నీ మా దగ్గరున్నాయి. "ఏమైంది తల్లీ? ఏం పర్లేదు. భయపడకు, నేనున్నాను కదా. తొందరేం లేదు, నెమ్మదిగా లే. ఊరికే అరిచాను, తప్పు నాదే. వాన తగ్గేదాకా ఇక్కడే కూర్చుందాం." విన్నాక మావాళ్లు రెండు జట్లుగా విడిపోయారు. పెళ్లాంతో అన్నాడని కొందరు, కూతురితో అని కొందరు. కార్లో ఒక్క సీటు మీదే మనిషున్నట్టు రికార్డయిందని నాకొక్కడికే తెలుసు. చెప్పలేదు.

నిన్న అక్క ఫోన్ చేసింది. "అవి నిజంగా ఆయన మాటలేనా? ఎవరితో అన్నారు?" అంది. చచ్చిన తెరతో అని ఎలా చెప్పను బావా? "నీతో అందామనుకుని, మొహం చెల్లక కార్లో ఒక్కడే కూర్చుని ప్రాక్టీసు చేశారక్కా" అన్నాను. అవతల్నుంచి ముక్కు చీదుకున్న చప్పుడు. ఇంక ఆ అబద్ధాన్ని మీరే నిలబెట్టాలి.

ఇంకోటి. జనం పోరు పడలేక ఎట్టకేలకు ఫోనుని తెర మీదకి రానిస్తున్నారు. అయితే ఫోనో, గొంతో, ఏదో ఒక్కటే. కారు అక్క పేరున ఉంది కాబట్టి ఆవిడనే అడిగారు. షరతులన్నీ చదివి మరీ "ఫోనొద్దు" నొక్కింది.

మీ బావమరిది

తా.క.: నా కుర్చీకి చేతులు కూడా వచ్చాయి. మీకు చెప్పడానికే సిగ్గుగా ఉంది.

*

బావమరిదికి,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఇవాళ మీ అక్కతో పాటు కారెక్కాను. లైసెన్సున్న మనిషి పక్కన ఉండాలి కదా, ఇప్పుడు నేను పనికొచ్చేది అంతవరకే.

బాగా నడుపుతోందిరా. నేను నేర్పినవాళ్లెవరూ అంత బాగా నడపలేదు. మలుపు వచ్చినప్పుడల్లా ఆ గొంతు "నెమ్మదిగా" అంటోంది, ఈవిడ తెర వైపు చూసి "అలాగేనండీ" అంటోంది. అంత మెత్తగా ఆ మాట నాకెప్పుడూ వినపడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఏడ్చానని మాత్రం ఎవరికీ చెప్పకు.

నీ బావ

తా.క.: నీ అబద్ధం నిలబెడదామని నేనూ ప్రయత్నించాను. పెద్ద మలుపు దగ్గర గొంతు తగ్గించి, ఉన్న ప్రేమంతా కూడగట్టుకుని, "ఏం పర్లేదు, నేనున్నాను కదా, నెమ్మదిగా తిప్పు" అన్నాను. మీ అక్క నావైపు తిరగను కూడా తిరగలేదు. "అబ్బా, మీరు కాసేపు ఊరుకోండి, ఆయన చెప్తున్నారు కదా!" అంది.