ఏ ఇంటికే?

అమ్మకు,

నేను క్షేమం, నీ అలక తీరిందా? సెలవులయ్యాక విమానం దిగి హాస్టల్‌కొచ్చి, "ఇంటికి చేరానమ్మా" అన్నానని "ఏ ఇంటికే?" అంటూ ఫోను పెట్టేశావు. సంగతి విను! పెట్టె ఈడ్చుకుంటూ గది తలుపు తోశానో లేదో, నాతో ఉండే ఈ దేశం పిల్ల, మన భాష ముక్క రానిది, "ముందు కాళ్లు కడుక్కో!" అని తెలుగులో అరిచింది. రోజూ నేను దాన్ని సతాయించే మాటే! అచ్చం నీ గొంతేనమ్మా. ఆ కేక వినిపించే చోటుని ఇల్లనక ఏమనను?

అన్నట్టు, తమ్ముడు అప్పుడే నా మంచం ఆక్రమించాడట. వెంటనే ఖాళీ చేయించు. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? నాన్నకు నమస్కారాలు, తమ్ముడికి మొట్టికాయ.

వచ్చే సెలవులకు ఇంటికొస్తున్నాను. ఏ ఇంటికని అడిగావో, ఊరుకోను!

నీ కూతురు